పక్కింటి గొడవ మన గొడవే: గృహహింసను ఆపడానికి గల్లీలో నలుగురు కలిసి ఏం చేయాలి, ఎలా చేయాలి

మీ బస్తీలోనో, కాలనీలోనో, అపార్ట్‌మెంట్లోనో గృహహింస గురించి ఏదో ఒకటి చేయాలని మీకు అనిపిస్తోందా? అయితే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆగడం గురించి ఎందుకంటే, మంచి మనసుతో కలగజేసుకున్న ఇరుగుపొరుగు వల్లే కొన్నిసార్లు ఆడపిల్ల మరింత ఇరుక్కుపోతుంది. పెద్దమనుషులు కూర్చుంటారు. మొగుడికి రెండు చీవాట్లు పెట్టి, పెళ్ళానికి నాలుగు సుద్దులు చెప్పి, చేతులు కలిపి పంపిస్తారు. ఆ రాత్రి తలుపులు వేసుకున్నాక "నా ఇజ్జత్ తీస్తవా నలుగుర్ల" అంటూ దెబ్బలు రెట్టింపవుతాయి. అందుకే మీ బృందం మొదటి రోజే ఒక మాట మీద నిలబడాలి. మనం తీర్పు చెప్పం, కాపురాలు అతికించం, విడగొట్టం. ఆమెకు తోడుంటాం, దారి చూపిస్తాం. ఏం చేయాలో తేల్చుకోవాల్సింది ఆమె.

ముందు మన గల్లీ ఏమనుకుంటోందో తెలుసుకోండి

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పారు. నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది అదే సర్వేలోని ఇంకో లెక్క. చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడక మీద కాదనడం, వంట సరిగా చేయకపోవడం, భర్తకు అనుమానం రావడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం. ఈ ఏడింటిలో ఏదో ఒక దానికైనా మొగుడు పెళ్ళాన్ని కొట్టడం సబబేనన్న ఆడవాళ్ళు మన రాష్ట్రంలో 84 శాతం దాకా ఉన్నారు. అదే ప్రశ్నకు అవునన్న మగవాళ్ళు 70 శాతం. అంటే దెబ్బ పడకముందే ఆ దెబ్బ న్యాయమేనని గల్లీ మొత్తం ఒప్పుకుని కూర్చుంది. దెబ్బలు తిన్న మనిషి ఎవరికైనా చెప్పుకుందామంటే ఎదురొచ్చే మొదటి ప్రశ్న "నువ్వేం జేసినవ్?" అనే.

కాబట్టి మొదటి సమావేశంలో చట్టం జోలికి వెళ్ళకండి. చింతగింజలు పట్టుకెళ్ళండి. ఆ ఏడు కారణాలకు ఏడు మూతల డబ్బాలు పెట్టి, మూతలకు చిన్న కంతలు చేయండి. ఒక్కొక్కరికీ ఏడు గింజలివ్వండి. కారణాన్ని గట్టిగా చదవండి. "కూరలో ఉప్పెక్కువైంది, కొట్టొచ్చునా?" కొట్టొచ్చు అనుకున్నవాళ్ళు గింజ డబ్బాలో వేస్తారు, లేదనుకున్నవాళ్ళు ఊరికే పిడికిలి తిప్పి వస్తారు. ఎవరు వేశారో ఎవరికీ కనిపించకూడదు. అందరి ముందూ డబ్బాలు బోర్లించి లెక్కపెట్టండి. ఉప్పు డబ్బాలో గింజలు తక్కువే ఉంటాయి. అత్తమామల డబ్బా, అనుమానం డబ్బా చూశాక గది తీరు మారుతుంది. ఒకావిడ "అత్తనంటే కొట్టడా మరి?" అంటుంది. పక్కనున్నావిడ "మరి మా ఆయన మా అమ్మనంటే నేను కొట్టొచ్చునా?" అంటుంది. వాళ్ళని మాట్లాడుకోనివ్వండి. మీరు మధ్యలో దూరి ఉపన్యాసం ఇవ్వకండి. ఆ ఇద్దరి వాదన చేసే పని ఏ కరపత్రమూ చేయలేదు.

సమయం మాటకొస్తే, నల్లా నీళ్ళు వచ్చే రోజు మీటింగ్ పెడితే ఎవరూ రారు. పిల్లలు బడి నుంచి వచ్చేలోపు, మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య పెట్టండి. "గృహహింసపై అవగాహన సదస్సు" అని బోర్డు కట్టకండి. ఆ బోర్డు కింద నుంచి ఇంటికి వెళ్ళిన ఆడమనిషిని మొగుడు నిలదీస్తాడు. "పొదుపు సంఘం మీటింగ్", "ఆరోగ్యం గురించి" అంటే చాలు. అంగన్‌వాడీ కేంద్రం, కమ్యూనిటీ హాలు, బస్తీ దవాఖాన పక్క గది, ఏదైనా పనికొస్తుంది. ఎవరి ఇంట్లోనూ పెట్టకండి.

బృందంలో ఎవరెవరు

ఐదుగురు చాలు, ఏడుగురికి మించొద్దు. మనుషులు పెరిగేకొద్దీ గుట్టు నిలవదు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, పొదుపు సంఘం లీడరు, టైలర్ అక్క. వీళ్ళ దగ్గరికి ఏ ఇంటి ఆడవాళ్ళైనా ఎవరికీ అనుమానం రాకుండా వెళ్ళొచ్చు. మంచి మాట, చల్లని తల ఉన్న ఒకరిద్దరు మగవాళ్ళు తప్పకుండా కావాలి. మన హైదరాబాద్‌లో ఉర్దూ వచ్చినవాళ్ళు లేకుండా ఏ బృందమూ పనిచేయదు. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీ కుటుంబాలున్న చోట హిందీ మాట్లాడేవాళ్ళు కూడా ఒకరుండాలి.

బస్తీ లీడర్‌ని ముందు పెట్టకండి. ఆయన మంచివాడే కావచ్చు. కానీ కొట్టిన మనిషి రేపు ఆయన దగ్గరికే వెళ్తాడు, ఆయనకు ఓట్లు కావాలి. చివరికి పంచాయితీ పెట్టి రాజీ చేస్తాడు. ఆయనకు విషయం తెలియజేయండి, మద్దతు అడగండి, అంతే.

అపార్ట్‌మెంట్లలో సంగతి వేరు. అక్కడ ముందు తెలిసేది అసోసియేషన్ సెక్రటరీకి కాదు, పనమ్మాయికీ వాచ్‌మన్ భార్యకీ. వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడకుండా గేటెడ్ కమ్యూనిటీలో ఈ పని మొదలే కాదు. వాళ్ళు మీకు చెప్పిన మాట వల్ల వాళ్ళ పని పోకుండా చూసే బాధ్యత కూడా మీదే.

అందరూ కలిసి ఒట్టేసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఏ ఇంటి మాటా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకూడదు, పేరు లేకుండా కూడా. "మన మూడో గల్లీల ఒక అక్క" అని రాస్తే గల్లీ అంతా పోల్చుకుంటుంది. "మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చింది" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. దెబ్బ కంటే నలుగురి నోట్లో పడటమే ఆడవాళ్ళని ఎక్కువగా నోరు మూయిస్తుంది. మీ బృందం నుంచి ఒక్కసారి మాట బయటికి పొక్కిందంటే ఇంకెవరూ మీ గడప తొక్కరు.

బృందానికి తప్పనిసరిగా తెలియాల్సినవి

2005లో వచ్చి 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కొట్టడాన్ని మాత్రమే హింస అనదు. లైంగికంగా బలవంతపెట్టడం, తిట్లు, అవమానాలు, "ఆడపిల్లను కన్నవ్" అన్న దెప్పులు, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, బంగారం అమ్మేయడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. ఐటీ కంపెనీలో పనిచేస్తూ నెలకు లక్ష సంపాదించే అమ్మాయి ఏటీఎం కార్డు మొగుడి పర్సులో, ఓటీపీ మొగుడి ఫోన్‌కి వెళ్ళడం కూడా హింసే. ఆమెకా సంగతి తెలియకపోవచ్చు. "కొడితే కదా కేసు" అనుకుంటుంది.

భార్యే కానక్కర్లేదు. తల్లి, చెల్లి, పెళ్ళి కాకుండా కలిసి ఉంటున్న ఆడమనిషి కూడా ఈ చట్టం కింద రక్షణ అడగొచ్చు. "ఇల్లు మా అత్త పేరు మీదుంది, నాకేం హక్కుంటది" అన్న మాట మీరు పదే పదే వింటారు. తను కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరు మీదున్నా అందులో ఉండే హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు 2020లో స్పష్టంగా చెప్పింది. పుట్టింటికి వెళ్ళిపోయినా ఫర్వాలేదు. కాపురం బోరబండలో, పుట్టిల్లు నల్గొండలో అనుకోండి, నల్గొండ మేజిస్ట్రేట్ కోర్టులోనే దరఖాస్తు వేసుకోవచ్చు. కొట్టొద్దని, ఇంట్లోంచి గెంటొద్దని, ఖర్చులివ్వాలని, స్త్రీధనం, అంటే పెళ్ళప్పుడు తనకు పెట్టిన సొమ్ములు తిరిగివ్వాలని, పిల్లల్ని తన దగ్గర ఉంచాలని అడగొచ్చు. మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లోపు, తీర్పు 60 రోజుల్లోపు రావాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఎక్కువ కాలం పడుతుంది, ఆ మాట ఆమెకు ముందే చెప్పండి. అయితే ఒకసారి రక్షణ ఉత్తర్వు చేతికొచ్చాక అతను దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

భర్త, అత్తింటివాళ్ళు పెట్టే బాధలను నేరంగా చూసే సెక్షన్, అందరూ ఇప్పటికీ ఫోర్ నైంటీ ఎయిట్ అనేది, 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ చోట వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85 అయింది. మూడేళ్ల వరకు శిక్ష. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "కేసు పెట్టు, రేపే పోలీసులు లోపలేస్తరు" అని ఎప్పుడూ మాటివ్వకండి. 2014 నుంచి సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం ఇలాంటి కేసుల్లో పోలీసులు వెంటనే అరెస్టు చేయరు, నోటీసిచ్చి పిలుస్తారు. మీ మాట నమ్మి కేసు పెట్టిన మనిషి, అదే సాయంత్రం అతను దర్జాగా ఇంటికి రావడం చూస్తే ఆమె ప్రాణం మీదికొస్తుంది. కేసు పెట్టేముందు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో తేల్చుకోవాలి.

గృహహింస చట్టంలో మిమ్మల్ని కాపాడే సెక్షన్ కూడా ఉంది. ఎక్కడైనా గృహహింస జరుగుతోందని నమ్మకంగా అనిపిస్తే ఎవరైనా సరే రక్షణ అధికారికి చెప్పొచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ళ మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ కేసు ఉండదు. రక్షణ అధికారి జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉంటారు. అంగన్‌వాడీ టీచర్‌కి ఆ ఆఫీసు దారి తెలిసే ఉంటుంది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి: కాగితం మీద రాసుకోండి

ఆపద ముంచుకొచ్చిందంటే 112, గాయాలైతే 108. సలహా, ఆశ్రయం, ఎటు పోవాలో తోచకపోతే 181, రాత్రీ పగలూ పలుకుతుంది. పిల్లల విషయమైతే 1098. వృద్ధులైతే 14567. "చచ్చిపోవాలనిపిస్తోంది" అన్న మనిషికి 14416. ఉచిత లాయర్ కోసం న్యాయ సేవాధికార సంస్థ 15100. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. ఉద్యోగం చేసి జీతం తెచ్చుకునేవాళ్ళయినా సరే.

ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ అన్నీ ఒకే చోట దొరుకుతాయి. కొద్ది రోజులు ఉండటానికి మంచం కూడా దొరుకుతుంది, చిన్న పిల్లల్ని వెంట తీసుకెళ్ళొచ్చు. హైదరాబాద్ పోలీసులు 2016లో హాకా భవన్‌లో మొదలుపెట్టిన భరోసా కేంద్రం ఉంది. మహిళా పోలీస్ స్టేషన్లున్నాయి. పాతబస్తీలో కవయిత్రి జమీలా నిషాత్ మొదలుపెట్టిన షాహీన్ సంస్థ, కొండవీటి సత్యవతి భూమిక పత్రికతో పాటు నడిపించిన హెల్ప్‌లైన్, అస్మిత మహిళా సంస్థ, ఇవన్నీ ఈ నగరంలో ఆడవాళ్ళే కట్టుకున్న ఆసరాలు. 1970ల చివర్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళు వరకట్న చావుల మీద ఈ వీధుల్లోనే నిలదీశారు. మీరు ఒంటరిగా కొత్త పని మొదలుపెట్టడం లేదు.

ఇందులో ఒక పని మీరు స్వయంగా చేయాలి. బృందంలో ఇద్దరు బయల్దేరి మీకు దగ్గరి సఖి కేంద్రానికీ, పోలీస్ స్టేషన్‌కీ, న్యాయ సేవల ఆఫీసుకూ వెళ్ళి చూసి రండి. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, గేటు దగ్గర ఎవరిని అడగాలి, రాత్రి ఎవరుంటారు, అంతా కనుక్కోండి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్. చేతిలో పది రూపాయలు లేని మనిషి కూడా నగరంలో ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్ళగలదు. అయితే ఆధార్ ఆమె దగ్గరుండాలి. చాలా ఇళ్ళలో అది అతని దగ్గరే ఉంటుంది.

నంబర్లున్న పోస్టర్ ఎక్కడ అతికించాలన్నది చాలా ముఖ్యం. చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కడితే ఫొటోకి బాగుంటుంది, ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఏ ఆడమనిషీ నంబర్ రాసుకోదు. టైలర్ షాపులో ట్రయల్ గది లోపల, బ్యూటీ పార్లర్ అద్దం పక్కన, ఫంక్షన్ హాల్ ఆడవాళ్ళ బాత్రూం తలుపు వెనక, అంగన్‌వాడీ లోపలి గోడకు అతికించండి. తెలుగూ ఉర్దూ రెండూ ఉండాలి. చదవడం రానివాళ్ళ కోసం ఒక బొమ్మ, అంకెలు పెద్దవిగా. కొవ్వొత్తుల ర్యాలీ కంటే ట్రయల్ గదిలో స్టిక్కర్ ఎక్కువ మందికి ఉపయోగపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

గోడ అవతల కొడుతున్న చప్పుడు వినిపిస్తే

ఒంటరిగా వెళ్ళకండి. ఇద్దరు వెళ్ళండి, ఒకరు ఆడవాళ్ళై ఉండాలి. గడప దాటి లోపలికి పోవద్దు. బెల్ కొట్టండి, ఏదో ఒకటి అడగండి. "వదినా, కరివేపాకుందా?", "అన్నా, మీ ఇంట్ల కరెంటున్నదా?", "మోటర్ బంద్ చేసిన్రా?" అంతే. "ఎందుకు కొడుతున్నవ్" అనొద్దు, "ఆమె ఫోన్ చేసింది" అని అసలే అనొద్దు. ఆ రెండు నిమిషాలు దెబ్బ ఆగుతుంది, బయట ఎవరో ఉన్నారని అతనికి తెలుస్తుంది. 2008లో దేశమంతా నడిచిన బెల్ బజావో (బెల్ కొట్టు) ప్రచారం చెప్పింది ఇదే, అది ఇప్పటికీ పనికొచ్చే ఉపాయం.

కత్తి, కిరోసిన్, గొంతు పట్టుకున్న అరుపు వినిపిస్తే బెల్ కొట్టే పని వదిలేసి 112 చేయండి. మన ఇంటి నంబర్లు బార్లతో, గీతలతో ఎవరికీ అర్థం కావు. మజీదు వెనక గల్లీ, ఫలానా కిరాణా షాపు ఎదురుగా, పచ్చ గేటు, రెండో అంతస్తు అని చెప్పండి. ఒకరు గల్లీ మొదట్లో నిలబడి బండిని తీసుకురండి. ఫోన్లో వీడియో తీయకండి. రేపు అది ఊరంతా తిరుగుతుంది, అందులో కనిపించేది ఆమె.

మర్నాడు ఆమెతో మాట్లాడటం

ఈ భాగమే అన్నిటికంటే కష్టం. బృందమంతా కూర్చుని సాధన చేయాల్సిందీ ఇదే. అతను పనికి వెళ్ళాక, ఆమెతో చనువున్న ఒక్కరే వెళ్ళాలి. "రాత్రి చప్పుడు విన్న. నీకు ఇంట్ల భయమైతుందా?" అని అడిగి ఊరుకోండి. ఆమె "ఏం లేదు అక్కా, మామూలే" అంటే తరిచి అడగకండి. "సరే. ఎప్పుడైనా సరే, రాత్రైనా సరే, నా తలుపు కొట్టు" అని చెప్పి వచ్చేయండి. చెప్పడం మొదలుపెడితే వినండి. మధ్యలో "మా ఆయన కూడా" అని మీ కథ ఎత్తుకోకండి. "ఇన్నేళ్ళు ఎట్ల పడ్డవ్?", "ఎందుకు పోలే?" అని అడగొద్దు. అది ప్రశ్నలా వినిపించదు, నేరం మోపినట్టుంటుంది. "పిల్లల మొహం చూసి సర్దుకో" అనొద్దు, "వాన్ని విడిచిపెట్టు" అని కూడా అనొద్దు. ఈ రెండు సలహాలూ నిర్ణయం ఆమె చేతుల్లోంచి లాక్కునేవే, ఇంట్లో అతను రోజూ చేస్తున్నదీ అదే. చెప్పాల్సినవి మూడే: "నేను నమ్ముతున్న. నీ తప్పు లేదు. నీకేం చేయాలనుంది?"

మాట్లాడుతున్నప్పుడు కొన్ని సంగతులు చెవిన పడితే మామూలు గొడవగా తీసుకోకండి. గొంతు నులిమాడు, చంపేస్తానన్నాడు, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడు, ఈ మధ్య దెబ్బలు తరచుగా, ఎక్కువగా పడుతున్నాయి, ఇల్లు వదిలి వెళ్తానంటే వెంటపడి బెదిరించాడు. ఇవి ప్రాణాపాయం దాకా వచ్చిన గుర్తులు. గొంతు నులిమినప్పుడు పైకి మరక కనపడకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు, దవాఖానకు తీసుకెళ్ళండి. ఉస్మానియాకో గాంధీకో వెళ్ళినప్పుడు "జారిపడ్డ" అని రాయించకుండా, ఎవరు కొట్టారో చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే డాక్టరు నివేదిక) రాయించుకుంటే రేపు కోర్టులో అదే పెద్ద ఆధారం. ఆమెకు ఇష్టమైతేనే. ఇల్లు వదిలి వెళ్ళే రోజు, వెళ్ళిన కొద్ది వారాలు అన్నిటికంటే ప్రమాదకరం. కాబట్టి కోపంలో అర్ధరాత్రి బయల్దేరడం కంటే, తక్షణ ఆపద లేకపోతే, సిద్ధం చేసుకుని వెళ్ళడం మేలు.

సిద్ధం చేసుకోవడమంటే ముందు కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల జనన ధృవపత్రాలు, పెళ్ళి ఫొటోలు, శుభలేఖ, నికానామా ఉంటే అది, బంగారం కొన్న రసీదులు. పెళ్ళి రిజిస్టర్ చేయించలేదని బెంగపడే వాళ్ళుంటారు. ఆడపిల్ల పెళ్ళికి ప్రభుత్వం సాయం చేసే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్‌లకు దరఖాస్తు పెట్టి ఉంటే ఆ ఫైల్లోని కాగితాలు పెళ్ళి రుజువుకు బాగా ఉపయోగపడతాయి. నకళ్ళు పక్కింట్లో గానీ అంగన్‌వాడీలో గానీ దాచండి. ఫొటోలు తీసి నమ్మకమైన మనిషికి పంపి, తన ఫోన్లోంచి తీసేయమనండి. 181 నంబర్‌ని "గ్యాస్ బుకింగ్" లాంటి పేరుతో పెట్టుకోమనండి. మీకూ ఆమెకూ మధ్య ఒక మాట ఉండాలి. "అక్కా, ఇడ్లీ పిండుందా?" అని మెసేజ్ వస్తే వెంటనే మీరు బెల్ కొట్టాలి. "రేషన్ వచ్చిందా?" అంటే 112 చేయాలి.

పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలనుకుంటే తోడు వెళ్ళండి, ఆమె బదులు మాట్లాడకండి. ఫిర్యాదు రాసుకుని వెళ్ళండి. తేదీలు, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏ దవాఖానలో చూపించుకున్నారు అన్నీ అందులో ఉండాలి. అందినట్టు రసీదు అడగండి. కౌన్సెలింగ్‌కు రమ్మంటే వెళ్ళాలా వద్దా ఆమె ఇష్టం, రాజీ కాగితం మీద సంతకం పెట్టాలన్న బలవంతం లేదు. ఎఫ్ఐఆర్ అయితే దాని నకలు ఉచితంగా ఇవ్వాలి.

మగవాళ్ళతో

ఈ పని మగవాళ్ళే చేయాలి. ఆటో స్టాండు దగ్గర, జిమ్‌లో, గణేశ్ మండపం కుర్రాళ్ళ దగ్గర. "ఆడవాళ్ళను గౌరవించండి" అని మైకులో చెబితే అందరూ తలూపుతారు, ఏమీ మారదు. పనికొచ్చేది చిన్న మాట. "నిన్న వేసిన రెండు, అప్పట్నుంచి సక్కగున్నది" అని ఒకడు నవ్వుతూ అన్నప్పుడు ఇంకొకడు నవ్వకుండా "అది మంచిగ లేదు తమ్మీ" అనగలగాలి. మీ బృందంలోని మగవాళ్ళకు నేర్పాల్సింది అదే. తాగుడు సంగతి కూడా వాళ్ళే తేల్చాలి. తాగి కొట్టేవాడు యజమానిని కొట్టడు, పోలీసుని కొట్టడు, ఇంటికొచ్చి పెళ్ళాన్నే కొడతాడు. మందు మానిపించే ప్రయత్నం చేయండి, కానీ "మందు చేసింది" అని అతన్ని వదిలేయకండి. కొట్టిన మనిషికి బుద్ధి చెబుతామని కుర్రాళ్ళంతా కలిసి అతన్ని తన్నడం అసలొద్దు. ఆ దెబ్బల బాకీ ఆమె వీపు మీదే తీరుతుంది.

పుట్టింటివాళ్ళు

మన దగ్గర ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికొస్తుంది. ఆ నెల రోజులు వృథా పోనివ్వకండి. బోనాల ముందు పెట్టే మీటింగ్‌కి తల్లుల్ని పిలిచి, బిడ్డను ఏం అడగాలో చెప్పండి. "మంచిగ చూస్కుంటున్నరా?" అంటే ఏ బిడ్డైనా "ఆఁ" అంటుంది. "నీ జీతం ఎవరి దగ్గరుంటది? నీ ఫోన్ ఎవరు చూస్తరు? మాకు ఫోన్ చేయాల్నంటే అడగాల్నా? ఆయనకు కోపమొస్తే ఏం చేస్తడు?" అని అడగాలి. ఆ జవాబులు విన్నాక తల్లిదండ్రులు ఒక మాట నోరు తెరిచి చెప్పాలి: "ఈ ఇల్లు నీదే బిడ్డా, ఎప్పుడైనా రా." మనసులో ఉంటే సరిపోదు. చెప్పకపోతే "పెండ్లి చేసిన్రు, అప్పు తీర్లే, మళ్ళ నేనెట్ల పోవాలె" అనుకుంటూ బిడ్డ అక్కడే ఉండిపోతుంది.

పిల్లలు, పెద్దలు

పిల్లల మీద లైంగిక హింస అని తెలిస్తే "నిర్ణయం ఆమెదే" అన్న సూత్రం వర్తించదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. తల్లిదండ్రుల్ని చూడని, కొట్టే కొడుకులూ కోడళ్ళ విషయంలో 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర ఫిర్యాదు చేయొచ్చు. ఆస్తి రాయించుకుని గెంటేస్తే ఆ పత్రం రద్దు చేయమని కూడా అడగొచ్చు.

నడుపుకుంటూ పోవడానికి

నెలకో మీటింగ్ చాలు. నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 వరకు ప్రపంచమంతా హింసకు వ్యతిరేకంగా పదహారు రోజులు పాటిస్తారు, అప్పుడు స్కూళ్ళకు వెళ్ళండి. బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్ళందరూ ఎలాగూ ఒకచోట చేరతారు, పూలు పేర్చేటప్పుడు నడిచే ముచ్చట్లే చాలు.

చాలామంది తిరిగి అతని దగ్గరికే వెళ్తారు. మీరు స్టేషన్ చుట్టూ తిరిగి, సెలవు పెట్టి, సొంత డబ్బు పెట్టి నిలబడ్డ మనిషి వారానికే మళ్ళీ ఆ ఇంట్లో గ్యాస్ వెలిగిస్తూ కనపడితే మీ బృందంలో ఎవరో ఒకరు "ఇంక ఆమె మొహం చూడొద్దు" అంటారు. ఆ మాట అననివ్వకండి. పిల్లల ఫీజు, అద్దె, భయం, ప్రేమ, ఆమె వెనక్కి వెళ్ళడానికి లెక్కలేనన్ని కారణాలుంటాయి. వచ్చే నెల మీటింగ్‌కి ఎప్పటిలాగే పిలవండి. ఇడ్లీ పిండి మాట ఇంకా నడుస్తుందని గుర్తుచేయండి. బృందంలో అలసిపోయినవాళ్ళని రెండు నెలలు విశ్రాంతి తీసుకోనిచ్చి వాళ్ళ చోట ఇంకొకరిని పెట్టండి. ఆరు నెలలకోసారి స్టిక్కర్ మీదున్న ప్రతి నంబర్‌కీ మీరే ఫోన్ చేసి చూడండి. పలకని నంబర్ ఏదైనా ఉంటే ఆ రోజే తిరిగి అన్ని ట్రయల్ గదుల్లోనూ మార్చేయండి.